చట్టమూ చుట్టమూ

మొన్న లంచ్‌లో మా టీమ్‌లో కుర్రాడొకడు పక్కన చేరాడు. జెర్సీ సిటీ హైట్స్‌లో ఈ మధ్యే రెండు వాటాల ఇల్లు కొన్నాడు. "అన్నా, కింది వాటా రోజువారీ అద్దెకి పెట్టేస్తే మార్ట్‌గేజ్ మొత్తం దాన్లోనే వచ్చేస్తుందట కదా? మీరు కూడా చేశారట కదా ఒకప్పుడు?" అన్నాడు. చేశాను బాబూ, ముందు సిటీ హాలు వాళ్ళ రూల్సు చదువుకో అన్నాను. వాడు నా మొహంలోకి ఓ రకంగా చూశాడు. తను తిని ఎదుటివాడికి పెట్టనివాడిని చూసినట్టు. లంచ్ టైములో తేలే విషయం కాదని ఊరుకున్నాను. అదేదో ఇక్కడ వివరంగా రాస్తే వాడికీ, వాడిలాంటి ఇంకో నలుగురికీ పనికొస్తుంది కదా అని ఇదిగో ఇలా కూర్చున్నాను.

ఇండియాలో ఉన్నవాళ్ళ కోసం ముందు ఊరి సంగతి కాస్త. జెర్సీ సిటీ అంటే హడ్సన్ నదికి ఇవతలి ఒడ్డు. జర్నల్ స్క్వేర్‌లో పాత్ రైలెక్కితే ఇరవై నిమిషాల చిల్లరలో మన్‌హాటన్ నడిబొడ్డున దిగుతాం. ఆ స్టేషన్‌కి నాలుగడుగుల దూరంలోనే ఇండియా స్క్వేర్. గోంగూర దగ్గర్నుంచి పట్టుచీర దాకా అన్నీ ఆ ఒక్క వీధిలోనే. అక్కడ హోటలు గదికి పెట్టే డబ్బులో సగానికే ఇక్కడ ఇంట్లో గది దొరికితే టూరిస్టు ఎటు వస్తాడో వేరే చెప్పక్కర్లేదు.

మేం 2012లో రెండు వాటాల ఇల్లు కొన్నాం. పైన మేము, కింద అద్దెకి ఓ గుజరాతీ కుటుంబం. నాలుగేళ్ళు ఏ పేచీ లేకుండా ఉన్నారు. 2016లో వాళ్ళు ఎడిసన్‌లో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయారు. మళ్ళీ అద్దెకిద్దామని నేననుకుంటుంటే మా ఆవిడ కాగితం, పెన్నూ పట్టుకొచ్చింది. "ఏవండీ, నెలకిస్తే పంతొమ్మిది వందలు. రాత్రికి నూట ముప్ఫై చొప్పున ఇస్తే, ఇరవై రాత్రులు నిండినా ఇరవై ఆరు వందలు." లెక్కలో తప్పేం లేదు. దుప్పట్లు ఉతకడం, బాత్రూములు కడగడం ఆ లెక్కలో వెయ్యలేదంతే. నేను సోమవారం పొద్దున్నే ఫ్లైటెక్కి గురువారం రాత్రి దిగే కన్సల్టెంటుని. ఆ ఉతకడాలూ కడగడాలూ ఎవరి నెత్తిన పడ్డాయో మీరే ఊహించుకోండి.

చట్టం మాటకొస్తే, అప్పట్లో అంతా సక్రమమే. 2015లో మా ఊరి కౌన్సిల్ రోజువారీ అద్దెలకి తలుపులు తీసింది. హోటళ్ళలాగే ఆరు శాతం పన్ను సిటీకి కట్టమంది, అంతే. న్యూయార్క్ అప్పటికే ఇలాంటివాటి మీద కత్తి దూసి ఉంది. 2010లో చేసిన రాష్ట్ర చట్టం ప్రకారం అక్కడి అపార్ట్‌మెంటుని, తను లేకుండా, ముప్ఫై రోజులకన్నా తక్కువకి అద్దెకివ్వకూడదు. వాళ్ళు వద్దన్నదాన్ని మనం రమ్మందాం అన్నది మా అప్పటి మేయరు స్టీవెన్ ఫులప్ గారి లెక్క. తరవాత ఆయనే లెక్క మార్చారు, ఆ సంగతికి వస్తాను.

మొదటి ఏడాదిన్నర సరదాగానే గడిచింది. చిలీ నుంచి ఓ ముసలి జంట వచ్చి, వెళ్ళేటప్పుడు మా అమ్మాయికి రంగురంగుల ఊలు టోపీ ఇచ్చి వెళ్ళారు. కొడుకు ఎమ్మెస్ పట్టా పుచ్చుకుంటుంటే చూద్దామని వరంగల్ నుంచి తల్లీ తండ్రీ వచ్చారు. మొదటి రోజు రాత్రే ఆయన మెట్లెక్కి వచ్చి, ఎంతో మొహమాటపడుతూ, "కొంచెం పెరుగుంటే ఇస్తారా" అన్నారు. ఆ నాలుగు రోజులూ భోజనాలు మా ఇంట్లోనే. ఆ వెబ్‌సైట్లో మాకు అయిదు నక్షత్రాలూ ఇచ్చి, తెలుగులో ఆశీర్వచనం కూడా రాశారు. తరవాత వచ్చిన జర్మన్ కుర్రాడు అదేమిటని అడిగితే అర్థం చెప్పలేక చచ్చాను.

నన్ను చూసి మా మిత్రుడొకడు దీంట్లోకి దిగాడు. పేరెందుకు గానీ గుంటూరువాడు. 2000లో అమెరికాలో దిగిన దగ్గర్నుంచీ పరిచయం. వాడిది నాలా చిన్న చెయ్యి కాదు. నది ఒడ్డున ఎత్తయిన టవర్లలో నాలుగు ఫ్లాట్లు తనే రెండేళ్ళ లీజుకి తీసుకుని, ఫర్నిచరు వేయించి, రోజువారీ అద్దెకి తిప్పడం మొదలుపెట్టాడు. ఇల్లు కొనక్కర్లేదు, మార్ట్‌గేజ్ అక్కర్లేదు, మధ్యలో తేడా మిగులుతుంది. "ఒరేయ్, నువ్వింకా జావా కోడ్ కొట్టుకుంటూనే ఉండు" అని వెక్కిరించేవాడు కూడా. వెక్కిరించాడని కాదు గానీ, నాకు లోపల కాస్త అసూయగానే ఉండేది.

ఇక 2018 అక్టోబరు. నేను ఒహాయో కొలంబస్‌లో ప్రాజెక్టు మీద ఉన్నాను. బుధవారం రాత్రి పదకొండింటికి మా ఆవిడ ఫోన్. ముగ్గురు వస్తామని బుక్ చేసుకున్నవాళ్ళు పద్నాలుగు మంది వచ్చారు. పాటలు, అరుపులు. అదంతా సరే, పొగ వాసన పైకొస్తోందిట. సిగరెట్లో, ఇంకోటో. తలుపు కొడితే తియ్యట్లేదు. వెబ్‌సైటు వాళ్ళ హెల్ప్‌లైన్‌కి నేనిక్కణ్ణుంచి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు సంగీతం వినిపించారు. చివరికి పక్కింటి ఫిలిపినో పెద్దాయన వచ్చి గట్టిగా నాలుగు కేకలేస్తే, ఒంటిగంటకి ఒక్కొక్కరే సర్దుకున్నారు. మా ఆవిడ, ఏడేళ్ళ అమ్మాయి ఆ రాత్రి బట్టలు మార్చుకోకుండా, చెప్పులు పక్కన పెట్టుకుని ముందు గదిలోనే పడుకున్నారు.

పొద్దున్న వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ కిందకెళ్ళి చూసింది. గోడకి సాస్, సోఫాకి చిల్లు.. అవేవీ పెద్దగా చెప్పలేదు నాకు. ఒక ఫోటో మాత్రం పంపింది. వంటింటి సొరుగులో స్పూన్ల మధ్య స్మోక్ అలారం. పక్కన దాన్లోంచి పీకిన బ్యాటరీ.

ఆ ఫోటో చూసి నేను చాలాసేపు మీటింగుకి వెళ్ళలేకపోయాను. అందరూ అనుకునేది ఒకటి, భయం. అది నిజమే. చెక్కతో కట్టిన పాత ఇల్లు, కింద నిప్పంటుకుంటే పైవాళ్ళకి తెలిసేసరికి మెట్లుండవు. దానితోబాటు ఇంకోటి కూడా గుర్తొచ్చింది, అది ఎవరికీ చెప్పేది కాదు.

2000 జూన్‌లో నేను నెవార్క్‌లో దిగినప్పుడు మా కన్సల్టింగ్ కంపెనీ నన్ను తీసుకెళ్ళి జర్నల్ స్క్వేర్ దగ్గర 'గెస్ట్ హౌస్'లో పడేసింది. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళకి ఆ మాట చెబితే చాలు, నవ్వో నిట్టూర్పో వస్తుంది. రెండు బెడ్‌రూములు, పదకొండు మంది. ప్రాజెక్టు దొరికినవాడు వెళ్తాడు, కొత్తవాడు ఆ పరుపు మీదకి వస్తాడు. గుంటూరువాడూ నేనూ హాల్లో పక్కపక్క పరుపులు. రోజూ సాయంత్రం పప్పులోకి తాలింపు వేస్తే చాలు, హాల్లో స్మోక్ అలారం గుండెలవిసేలా అరిచేది. రెండు వారాలు తువ్వాలు పట్టుకుని విసిరాం. మూడో వారం ఒకడు స్టూలెక్కి దాని బ్యాటరీ పీకి టీవీ రిమోట్ పక్కన పెట్టాడు. ఆ పీకినవాణ్ణి నేనే. పైవాటాలో ఓ ముసలావిడ ఒక్కత్తే ఉండేది. మా గోల ఎక్కువైతే కర్రతో నేల మీద కొట్టేది. మేం నవ్వుకునేవాళ్ళం. ఆవిడ పేరేమిటో పదకొండు మందిలో ఒక్కడికీ తెలీదు.

ఒక వాటాలో ఎంతమంది పడుకోవచ్చు, అలారం ఎక్కడుండాలి అన్నదానికి అప్పుడూ రూల్సున్నాయి. మాకు చెప్పినవాడు లేడు, మేం అడగనూ లేదు. వారానికో కొత్త మొహం వచ్చే వాటా కింద ఉంటే ఆ ముసలావిడకి రాత్రిళ్ళు ఎలా నిద్రపట్టేదో అన్న ప్రశ్న నాకు పద్దెనిమిదేళ్ళ తరవాత, నా పెళ్ళాం పిల్ల పైవాటాలో ఉన్నప్పుడు వచ్చింది.

వారం తిరిగేసరికి ఆ వెబ్‌సైటులోంచి మా ఇల్లు తీసేశాం.

2019 జూన్‌లో మా కౌన్సిల్ కొత్త ఆర్డినెన్స్ చేసింది. 2015లో స్వాగతం చెప్పిన ఫులప్ గారే ఈసారి కట్టడి కావాలన్నారు. ఫిర్యాదులు పెరిగాయి, అద్దెకి దొరకాల్సిన ఇళ్ళు హోటళ్ళయిపోతున్నాయి అన్నది వాదన. రూల్స్ సారాంశం ఇదీ. 28 రోజులు, అంతకన్నా తక్కువకి ఇస్తే అది రోజువారీ అద్దె కింద లెక్క, దానికి పర్మిట్ ఉండాలి. ఇంటి యజమాని అక్కడే ఉంటే సరే, లేకపోతే ఏడాదికి 60 రాత్రులకి మించకూడదు. నాలుగు వాటాలకన్నా పెద్ద బిల్డింగుల్లో అసలు కుదరదు. అద్దెకున్నవాడు ఇంకొకడికి రోజులకింద ఇవ్వకూడదు. నిజానికి వాటన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే: ఆ ఇంట్లో రాత్రి ఏమన్నా అయితే, లేచి కిందకి వచ్చేవాడు ఎవరన్నా ఉన్నాడా?

వ్యతిరేకులు సంతకాలు సేకరించి దాన్ని ప్రజల ఓటుకి తెచ్చారు. ఇక చూస్కోండి, మా చిన్న ఊళ్ళో అసెంబ్లీ ఎన్నికల హడావుడి. ఎయిర్‌బీఎన్‌బీ ఒక్కటే నలభై లక్షల డాలర్ల పైచిలుకు ఖర్చుపెట్టింది. అవతల హోటలు వర్కర్ల యూనియన్. రోజూ పోస్టు డబ్బా నిండా రంగు కాగితాలు, తలుపు కొట్టేవాళ్ళు. నాకు 2017లో సిటిజెన్‌షిప్ వచ్చింది. అప్పటిదాకా వేసిన ఒకటీ అరా ఓట్లు ఎవరికి వేసినా నా బతుకేం మారదని తెలిసి వేసినవే. ఇది అలాంటిది కాదు.

ఓటుకి ముందు ఆదివారం గుంటూరువాడు ఇంటికొచ్చాడు. మాట తీసుకుందామనే వచ్చాడు. నేను దాచలేదు, చట్టం ఉండాలనే ఓటేస్తానన్నాను. బ్యాటరీ ఫోటో చూపించాను.

వాడు ఫోటో తిరిగిచ్చేసి, "ఇళ్ళలో ఉండేవాళ్ళకి భయం ఉంటుంది, ఒప్పుకుంటా. నా నాలుగు ఫ్లాట్లూ సెక్యూరిటీ ఉన్న టవర్లలో ఉన్నాయి. సిటీ చెయ్యమంటేనే చేశాను, పన్ను కట్టాను. లీజులు సంతకం పెట్టి కూర్చున్నాను. నీకేం పోతుందిరా? నువ్వు ఇంట్లోనే ఉంటావు, నీకీ చట్టం అంటదు. నువ్వేసే ఓటుకి ఖర్చు నాది" అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు. లేచి చెప్పులేసుకుంటూ ఇంకో మాట అన్నాడు. "గెస్ట్ హౌస్‌లో బ్యాటరీ పీకింది నువ్వు. నేను కాదు."

2019 నవంబరు 5న ఓటేశాను. చట్టం ఉండాలన్న వైపే. ఓటేసినవాళ్ళలో దగ్గరదగ్గర డెబ్బై శాతం మంది అటే వేశారు. నా ఒక్క ఓటు వల్ల గెలిచిందీ లేదు, ఓడిందీ లేదు. వాడికి ఆ లెక్క అక్కర్లేదు కదా. 2020 జనవరిలో ఆర్డినెన్స్ అమల్లోకొచ్చింది, మార్చిలో కరోనా వచ్చింది. ఫర్నిచరు అమ్ముకుని, లీజులు తెంపుకోడానికి డబ్బు కట్టి, ఎంత పోగొట్టుకున్నాడో నాకు చెప్పలేదు. అసలు ఏదీ చెప్పలేదు, మాటలే లేవు.

వాడి బాధలో న్యాయం లేదని నేనిప్పటికీ అనలేను. వాడిలాగే ఇళ్ళు కొని, లీజులు తీసుకుని నష్టపోయినవాళ్ళు కొందరు సిటీ మీద కోర్టుకెళ్ళారు. మా పెట్టుబడిని ప్రభుత్వం లాక్కున్నట్టే అన్నది వాళ్ళ వాదన. 2022లో ఫిలడెల్ఫియాలోని అప్పీలు కోర్టు కూడా కాదంది. ఆస్తి మీ దగ్గరే ఉంది, నెలల అద్దెకిచ్చుకోవచ్చు. ఒకసారి అనుమతించినంత మాత్రాన ఎప్పటికీ మార్చమని సిటీ మాటిచ్చినట్టు కాదు, అని స్థూలంగా దాని సారాంశం. చట్టపరంగా అంతేనేమో. అయినా నాలుగేళ్ళ క్రితం రమ్మని పిలిచిన ఊరు, లీజుల గడువు తీరేదాకానైనా ఆగి ఉంటే పోయేదేముంది అని నా మట్టుకు నాకు అనిపిస్తుంది.

న్యూయార్క్ వాళ్ళు ఇంకా బిగించారు. 2023 సెప్టెంబరు 5 నుంచి అక్కడ 30 రోజులకన్నా తక్కువకి ఇవ్వాలంటే సిటీ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, యజమాని అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. పైగా లోపల ఏ గదికీ తాళం వేసుకోకూడదట. మనింటికి చుట్టాలొస్తే ఎలా ఉంటామో అలాగన్నమాట. చట్టం ఇంగ్లీషులో ఉంది గానీ అది రాసినవాడికి తెలుగిల్లు తెలుసేమో అని నవ్వొచ్చింది.

మనవైపు ఇవేవీ లేవనుకోకండి. క్రితంసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు మాదాపూర్ దగ్గర గేటెడ్ కమ్యూనిటీలో రెండు వారాలకి ఫ్లాట్ తీసుకున్నాం. రాత్రి రెండింటికి సూట్‌కేసులతో దిగితే వాచ్‌మన్ గేటు తియ్యడు. "అసోసియేషన్ వద్దన్నది సార్, రోజులకింద దిగేటోళ్ళని రానియ్యొద్దన్నరు" అన్నాడు. ఓనరు ఫోనెత్తడు. విదేశీ పాస్‌పోర్టు వాళ్ళకి బస ఇస్తే 24 గంటల్లోగా ఫారం-సి నింపాలని కూడా ఆ ఓనరుకి తెలీదు. ఆ వాచ్‌మన్ మీద నాకు కోపం రావాలి న్యాయంగా. తన పైన నిద్రపోయేవాళ్ళ తరఫున నిలబడ్డాడు పాపం, ఏమంటాం. హోటల్‌కి పోయాం.

సరే, కుర్రాడి విషయం. నాయనా, మన ఊళ్ళో పర్మిట్ తీసుకుని, పైన నువ్వుంటూ, కింద రోజువారీ ఇచ్చుకుంటే చట్టం ఒప్పుకుంటుంది, నేను వద్దనడం లేదు. ఇన్సూరెన్సు వాడికి మాత్రం ముందే చెప్పు. మామూలు ఇంటి పాలసీ ఇలాంటి వ్యాపారానికి చాలాసార్లు వర్తించదు, నాకా సంగతి సోఫా చిల్లు పడ్డాకే తెలిసింది. మార్ట్‌గేజ్ కాగితాల్లో కనీసం ఏడాది నువ్వే ఉంటానని సంతకం పెట్టి ఉంటావు, చూసుకో. 2018 అక్టోబరు నుంచి రాష్ట్రానికి కూడా 6.625 శాతం సేల్స్ టాక్సు, మన ఊళ్ళో 1 శాతం ఆక్యుపెన్సీ ఫీజు పడుతున్నాయి, సిటీది వేరే. ఏడాది మొత్తం మీద 14 రోజులకి మించి ఇవ్వకపోతే, నువ్వుండే ఇంటి మీద ఆ అద్దెకి ఫెడరల్ ఇన్‌కమ్ టాక్సు లేదు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసమని పక్కింటివాళ్ళు చెప్పే లెక్కల్లో నిజమైంది ఆ ఒక్కటే. అన్నిటికన్నా ముఖ్యం, నువ్వింకా హెచ్1బి మీదున్నావు. నెలల అద్దె పుచ్చుకోవడం వేరు, రోజూ పక్కలు మార్చి, గదులు ఊడ్చి, టిఫిన్లు పెట్టడం వేరు. రెండోది పని చెయ్యడం కిందకి రావచ్చు, వీసా అందుకు ఒప్పుకోదు. లాయరుకి రెండొందలు పోసి అడుగు, నన్నడక్కు.

ఈ వేసవిలో మళ్ళీ మా కింది వాటా ఓ నెల ఖాళీగా ఉంది. ఒకరోజు ఫోను మోగింది. అయిదేళ్ళకి పైనే అయింది ఆ నంబరు చూసి. వాడి అమ్మానాన్నా వస్తున్నారట. వాడిప్పుడుండే ఒంటి పడగ్గది ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, నాన్నగారికి మోకాళ్ళు. మూడు వారాలు.

"ఎంతివ్వాలి?" అన్నాడు.

"మూడు వారాలంటే 28 రోజుల లోపు. డబ్బు తీసుకుంటే పర్మిట్ కావాలి, నా దగ్గర లేదు."

కాసేపు అటు చప్పుడు లేదు.

"డబ్బు తీసుకుంటే చట్టం, తీసుకోకపోతే చుట్టం అంటావు."

"అంతే."

"నువ్వు ఓటేసిన చట్టమే కదా, నువ్వే చూసుకో" అని పెట్టేశాడు. శనివారం వాళ్ళిద్దర్నీ తీసుకుని వచ్చాడు. కారులోంచి ఆరు సూట్‌కేసులు దింపాం ఇద్దరం, పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు.

వాళ్ళొచ్చేముందు నేను స్టూలెక్కి అలారం బటన్ నొక్కి చూశాను. 2019 నుంచీ న్యూజెర్సీలో ఇలాంటి ఇళ్ళు అమ్మినా అద్దెకిచ్చినా, బ్యాటరీ వాడే అలారం అయితే అది పదేళ్ళ బ్యాటరీని లోపలే పెట్టి సీలు వేసింది కావాలి. పీకుదామన్నా రాదు. రెండో రోజు సాయంత్రం పిన్నిగారు పులిహోరకి తాలింపు వేసినట్టున్నారు, కింద నుంచి మొదలైంది గోల. నేను మెట్ల దాకా వచ్చేసరికి గుంటూరువాడు తువ్వాలు పట్టుకుని దాని కింద నిలబడి విసురుతున్నాడు.

"నాయనా, ఇది ఊరుకోవడం లేదు, ఏం చెయ్యమంటావ్?" అన్నారు పిన్నిగారు వంటింట్లోంచి.

"కిటికీ తియ్యండి పిన్నిగారూ" అన్నాను. వాడు విసరడం ఆపి నావైపు చూసి, తువ్వాలు నా చేతికిచ్చి, తనే వెళ్ళి కిటికీ తీశాడు.